దృశ్యం ఫొటో చూసి వేయాలా, ఎదురుగా కూర్చుని వేయాలా? ఓటర్ల జాబితాలో తప్పులు ఎక్కడ దొరుకుతాయి? బీఎల్వో డ్యూటీలో ఉన్న డ్రాయింగ్ మాస్టారికి జవాబు

మాస్టారూ, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హైస్కూల్లో డ్రాయింగ్ చెబుతున్నారు, ఈసారి బీఎల్వో (ఓటర్ల జాబితా చూసే బూత్ లెవల్ ఆఫీసర్) డ్యూటీ కూడా పడింది. ఇంటింటికీ తిరుగుతుంటే చెరువుగట్లు, తాటితోపులు, కొండవాలు పొలాలు కనిపిస్తున్నాయి. ఆగి వేసుకునే తీరిక లేక ఫోన్లో ఫొటోలు తీసుకుని, రాత్రిపూట ఇంట్లో నీటిరంగుల్లో వేస్తున్నారు. బొమ్మలు చచ్చుగా వస్తున్నాయి. ఫొటోను పూర్తిగా వదిలేయాలా అన్నది మొదటి ప్రశ్న. ‘మా పేరేది?’ అనీ, ‘పోయినవాళ్ళ పేర్లు ఇంకా ఎందుకున్నాయి?’ అనీ ఊళ్ళో నిలదీస్తున్నారు, జాబితాలో ఏం చూసుకోవాలి అన్నది రెండోది.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఫొటోను వదలక్కర్లేదు. ఆకారాలకు దాన్ని నమ్మండి, వెలుగునీడలకూ రంగుకూ మాత్రం నమ్మకండి. ఆ రెండింటి కోసం అక్కడికక్కడే పది నిమిషాల నోట్ ఒకటి వేసుకోవాలి. ఇక జాబితా: పేర్ల వారీగా కాదు, ఇళ్ళ వారీగా చూడండి. నోటిమాట మీద ఏ పేరూ కలపొద్దు, తీయొద్దు. దేనికైనా ఫారం పడాల్సిందే. రెండు పనులూ చేసినవాణ్ణి గనక రెండూ ఒకే చోట రాస్తున్నాను. ఎక్కువ భాగం బొమ్మ గురించే ఉంటుంది, ఎందుకంటే జాబితా పనికి రూల్సు రాసిపెట్టి ఉన్నాయి, దీనికి లేవు.

ఫోన్ కెమెరా ఏం చేస్తుందో ముందు తెలియాలి. మెయిన్ కెమెరా దాదాపు 24 నుంచి 26 ఎంఎం వైడ్ లెన్స్‌తో సమానం. అంత వెడల్పు దృశ్యాన్ని ఒక్క ఫ్రేములోకి కుక్కేసరికి దూరంగా ఉన్న కొండ వేలెడంతైపోతుంది, కాళ్ళ ముందున్న గడ్డి సగం ఫొటోను ఆక్రమిస్తుంది. మీరు గట్టు మీద నిలబడ్డప్పుడు మీ చూపు ఆగింది కొండ మీద. అందుకే కొండ పెద్దదిగా మనసులో నిలిచింది. ఇంటికొచ్చి ఫొటోను ఉన్నదున్నట్టు దించితే ముందు భాగమంతా ఖాళీ నేల, వెనక ఒక చిన్న గీత. పాపికొండలు ఫోన్లో గుట్టల్లా కనిపించేది ఇందుకే. 2ఎక్స్ నొక్కి, నాలుగడుగులు వెనక్కి వేసి తీయండి. బొమ్మలో కొండను మరో ఐదో వంతు పెంచండి. చూసేవాళ్ళెవరూ తప్పు పట్టరు, పైగా ‘అచ్చం అలాగే ఉంది’ అంటారు.

ఇంకో తేడా వెలుగులో. ఎండలో మెరిసే ఆకాశాన్నీ చెట్టు కింద నీడనూ కన్ను ఒకేసారి చదవగలదు, ఎందుకంటే అది ఒకచోటి నుంచి ఇంకోచోటికి తిరుగుతూ సర్దుకుంటుంది. సెన్సర్‌కు ఆ వెసులుబాటు తక్కువ. నేలకు సరిపెడితే ఆకాశం తెల్లగా పేలిపోతుంది, ఆకాశానికి సరిపెడితే చెట్టు నల్ల మచ్చ అవుతుంది. ఇది ఫోన్లతో మొదలైన తంటా కాదు. 1850లలో ఫొటోలకు వాడిన కొలోడియన్ గాజు పలకలు నీలికాంతికి విపరీతంగా స్పందించేవి, ఆకాశం ఎప్పుడూ తెల్లబోయేది. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే సముద్రానికొక నెగెటివ్, మబ్బులకొక నెగెటివ్ వేర్వేరుగా తీసి, ఒకే కాగితం మీద కలిపి ప్రింటు వేశాడు. ఫొటో అంటే ఉన్నది ఉన్నట్టు, బొమ్మ అంటే కల్పన అనేవాళ్ళకు ఈ ఒక్క సంగతి చాలు. ఇప్పటి ఫోన్లో హెచ్‌డీఆర్ చేసేదీ దాదాపు అదే పని. వేర్వేరు ఎక్స్‌పోజర్లు కలిపి, నీడల్ని పైకి లాగి, వెలుగుల్ని కిందికి దించి అన్నింటినీ ఒకే మట్టానికి తెస్తుంది. మీ బొమ్మ చచ్చుగా ఉండటానికి సగం కారణం ఇదే. ఎండకూ నీడకూ ఉండాల్సిన దూరం ఫొటోలోనే పోయింది, మీరు పోయినదాన్ని శ్రద్ధగా దించారు.

మూడోది ఆటో వైట్ బ్యాలెన్స్. పొద్దున ఆరున్నరకు గోడ మీద పడే నారింజ ఎండను ఫోన్ ‘తప్పు’ అనుకుని తెలుపు వైపు సర్దేస్తుంది. ఎర్రమట్టి మీద నీడ నిజానికి ఊదారంగు కలిసిన నీలం, ఎందుకంటే ఎండ అందనిచోట దాన్ని వెలిగించేది ఆకాశమే. ఫొటోలో అది ముదురు గోధుమరంగుగా, దాదాపు నలుపుగా వస్తుంది.

కాబట్టి ఫొటో తీసేటప్పుడు ఇలా చేయండి. ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్‌ను 5,500 కెల్విన్ దగ్గర, లేదా సూర్యుడి గుర్తు మీద పెట్టి కదపకండి. ఒకే దృశ్యానికి మూడు ఫొటోలు: మొదటిది ఆకాశం మీద నొక్కి ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, రెండోది ఎండ పడిన నేల మీద, మూడోది నీడలో. ఇంట్లో మబ్బులు మొదటి ఫొటోలోంచి, నేల మీది వివరాలు రెండోదాంట్లోంచి, పశువులపాక లోపల ఏముందో మూడోదాంట్లోంచి చూసుకోవాలి. ఫోన్ను పైకి ఎత్తకండి, గుండె ఎత్తులో నిటారుగా పట్టుకోండి. ఎత్తితే తాటిచెట్లూ గుడి గోపురమూ లోపలికి వాలతాయి. ఆ వాలును ట్రేస్ చేసిన బొమ్మను ఎంత దూరం నుంచైనా ‘ఫొటో చూసి వేశారు’ అని పట్టేయొచ్చు. చివరగా ఎడమ నుంచి కుడికి చుట్టూ ఒక పది సెకన్ల వీడియో తీయండి. ఫ్రేము బయట ఏముందో, సూర్యుడు ఎటున్నాడో రాత్రికి గుర్తుండదు.

అసలు పని పది నిమిషాల నోట్. జేబులో పట్టే స్కెచ్‌బుక్, ఒక 6బి పెన్సిల్, నాలుగు రంగుల చిన్న పెట్టె, నీళ్ళ బ్రష్ చాలు. మూడంగుళాలు, నాలుగంగుళాల గడి ఒకటి గీయండి. కళ్ళు చిట్లించి చూస్తే వివరాలు పోయి నాలుగైదు పెద్ద ముక్కలు మిగులుతాయి. ఒక్కో ముక్కకు 1 నుంచి 5 వరకు అంకె వేయండి: 1 అంటే ఖాళీ కాగితం, 5 అంటే పెన్సిల్ నొక్కి రుద్దినంత నలుపు. వివరాలు గీయొద్దు, వాటికి ఫొటో ఉంది. తర్వాత గడి పక్కన నాలుగు రంగు మచ్చలు: దిగంతం దగ్గరి ఆకాశం, దూరపు కొండ, ఎండ పడిన నేల, ఆ నేల మీది నీడ. మచ్చ సరిగ్గా కుదిరిందో లేదో తెలియాలంటే అట్టముక్కకు పెన్సిలు పట్టేంత కన్నం చేసి, అందులోంచి దృశ్యంలోని ఆ రంగును చూస్తూ పక్కన మచ్చను పెట్టి పోల్చండి. చుట్టూ ఉన్న రంగుల ప్రభావం తగ్గి అసలు రంగు బయటపడుతుంది. కింద టైము, సూర్యుడి దిక్కు, నీడ అంచు పదునుగా ఉందా మెత్తగా ఉందా, ఇంత రాస్తే చాలు.

అంకెలు వేసేటప్పుడు ఒక లెక్క గుర్తుంటే తొందరగా తేలుతుంది. మామూలు ఎండరోజున అన్నింటికన్నా లేతది ఆకాశం. తర్వాత పరుచుకుని ఉన్న నేల, ఆ తర్వాత వాలుగా ఉన్న కొండ. నిలువుగా నిలబడ్డ చెట్లు అన్నింటికన్నా ముదురు. పైనుంచి వచ్చే వెలుగు దేనిమీద ఎంత పడుతుందన్నదే ఇందులో సూత్రం. మినహాయింపులున్నాయి. సున్నం వేసిన గోడ ఎదురెండలో ఆకాశాన్ని మించి మెరుస్తుంది. నైరుతి మబ్బు కమ్మినప్పుడు, వెనకనుంచి ఎండ తగిలిన వరిచేను ఆకాశం కంటే లేతగా ఉంటుంది. ఆ గంట దొరికితే మాత్రం బీఎల్వో రిజిస్టరు సంచిలో పెట్టేసి ఆగాల్సిందే!

ఇంటికొచ్చాక ఫొటోను ఉన్నదున్నట్టు ట్రేస్ చేయకండి, ప్రొజెక్టర్ అసలే వద్దు. లెన్స్ తప్పులన్నీ గీతల్లోకి వచ్చేస్తాయి. గళ్ళు గీసుకుని దించడం ఫరవాలేదు, గళ్ళ దగ్గర కనీసం చెయ్యి ఆలోచిస్తుంది. గీత అయ్యాక ఫొటోను బోర్లా పెట్టి నోట్ ముందు పెట్టుకోండి. పెద్ద వాష్‌లు, అంటే నీళ్ళు ఎక్కువ కలిపి పలచగా పరిచే పూతలు, మూడూ (ఆకాశం, కొండ, నేల) నోట్ చూసే వేయాలి. పశువులు, పడవ, కిటికీ చువ్వలు వేసేటప్పుడే ఫొటో మళ్ళీ తీయాలి. ఈ వరస ఒక్కటి పాటిస్తే మీరు చెప్పిన చచ్చుదనం చాలావరకు పోతుంది.

రంగుల దగ్గర మనవైపు తరచూ తప్పు జరిగేది పచ్చతో. ట్యూబులోని సాప్ గ్రీన్‌ను నేరుగా పొలమంతా పూస్తే ప్లాస్టిక్ తివాచీ అవుతుంది. నారుమడి లేతపచ్చకు లెమన్ యెల్లో ఎక్కువ, సెరూలియన్ బ్లూ చిటికెడు. మామిడి, చింత ముదురాకుకు గాంబోజ్, అల్ట్రామెరీన్, దానికి బర్న్‌ట్ సియెన్నా తగిలిస్తే పచ్చదనపు పొగరు తగ్గుతుంది. కొబ్బరాకు మీది మెరుపు పచ్చ కాదు, అది ఆకాశం. అక్కడ కాగితం వదలండి, లేదా పలచటి సెరూలియన్ ఒక్కటే పోనివ్వండి. ఎర్రనేలకు లైట్ రెడ్, యెల్లో ఓకర్. దాని మీది నీడకు అదే తడి మీద అల్ట్రామెరీన్, కొద్దిగా పర్మనెంట్ రోజ్. ఆ నీడ విలువ 3, మహా అయితే 4. ఫొటోలో 5లా కనిపించినా సరే, వేయకండి. నలుపు ట్యూబు అసలు తెరవొద్దు, అల్ట్రామెరీన్‌లో బర్న్‌ట్ సియెన్నా చిక్కగా కలిపితే అంతకంటే బతికున్న నలుపు వస్తుంది.

దూరం కొద్దీ ముందు పోయేది పసుపు, తర్వాత ఎరుపు, చివరికి నీలమే మిగులుతుంది. దాంతోపాటు ముదురు రంగులు లేతబడతాయి. ఫోన్ సాఫ్ట్‌వేర్ పొగమంచును ‘మసక’ అనుకుని తేటపరిచేస్తుంది కాబట్టి లంబసింగి ఫొటోలో దూరపు కొండ కూడా దగ్గరి కొండంత పదునుగా ఉంటుంది. దాని అంచును తడి కాగితం మీద వేసి కరిగించండి.

నీళ్ళ దగ్గర ఇంకో చిక్కు. వరద గోదావరిని తీసుకోండి. కాళ్ళ దగ్గర కిందికి చూస్తే బురద ఎరుపు కనిపిస్తుంది, దూరం పోయేకొద్దీ చూపు ఏటవాలై నీళ్ళు ఆకాశాన్నే చూపిస్తాయి. అంటే ఒకే వాష్‌లో కింద ఎరుపు, పైకి పోయేకొద్దీ ఆకాశపు బూడిదరంగు. ఫొటోలో ఈ మార్పు ఉంటుంది గానీ అణగారి ఉంటుంది, కావాలని పెంచాలి. ప్రతిబింబాల్లో ముదురువి కాస్త లేతగా, లేతవి కాస్త ముదురుగా వేయండి. రెండూ ఒకే తీరున వేస్తే నీరు అద్దమైపోతుంది.

కాగితం సంగతి చెప్పకపోతే ఇదంతా వృథా. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు), కోల్డ్ ప్రెస్డ్ (కాస్త గరుకుగా ఉండేది), కాటన్ ఉన్నది కొనండి. 190 జీఎస్ఎం తడి తగలగానే అలలు లేచి రంగు గుంటల్లో చేరుతుంది. ఖర్చు అనిపిస్తే 22 × 30 అంగుళాల పూర్తి షీటును నాలుగు ముక్కలు చేసుకోండి, 11 × 15 ఈ పనికి సరిపోతుంది. బ్రష్షులు 12 నంబరు రౌండ్, 8 నంబరు రౌండ్, అంగుళం ఫ్లాట్. చిన్న బ్రష్షులు కొనకపోవడమే మంచిది, అవి చేతిలో ఉంటే ఆకులు లెక్కపెట్టడం మొదలుపెడతాం.

రాత్రి వేస్తున్నారు గనక దీపం కూడా చూసుకోవాలి. పసుపు బల్బు కింద పసుపు, లేత నారింజ కనపడవు, మీరు కలుపుతూనే పోతారు, పొద్దున చూస్తే బొమ్మంతా కామెర్లు. 5,000–6,500 కెల్విన్, సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందన్న కొలత) 90 పైన అని డబ్బా మీద రాసి ఉన్న ఎల్ఈడీ పెట్టుకోండి. ఫోన్లో తెరను పసుపుగా మార్చే నైట్ మోడ్, ఆటో బ్రైట్‌నెస్ ఆపేయాలి. ల్యాబ్‌లో ప్రింటు వేయిస్తే ఆటో కరెక్షన్ వద్దని ముందే చెప్పండి, లేకపోతే కాంట్రాస్ట్ ఇంకో మెట్టు పెంచి నీడలన్నీ పూడ్చేస్తారు.

ఆదివారాలు మాత్రం ఫొటో లేకుండా కూర్చోండి. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర మంచి సమయం. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు కదులుతాడు, అంటే ముప్పావుగంటలో నీడలు చోటు మారతాయి. అందుకని మొదటి ఐదు నిమిషాల్లోనే నీడల హద్దులు గీసేసి, తర్వాత అవి ఎటు జరిగినా వెంటపడకూడదు. వెంటపడితే ఒకే బొమ్మలో రెండు సూర్యుళ్ళు. కాగితం మీద నేరుగా ఎండ పడనివ్వకండి. తెలుపు కొట్టే మెరుపుకు ప్రతి రంగూ లేతగా అనిపించి ఎక్కువ రంగు దట్టిస్తారు, గదిలోకి తెచ్చాక బొమ్మ మసిబారినట్టు ఉంటుంది. నల్లకళ్ళద్దాలు వద్దు. ఎండాకాలంలో వాష్ చూస్తుండగానే ఆరిపోతుంది కాబట్టి కాగితం వెనకవైపు కూడా తడిపి ప్లాస్టిక్ పలకకు అంటించండి, అరలీటరు నీళ్ళకు నాలుగైదు చుక్కల గ్లిజరిన్ వేస్తే ఇంకాస్త నిదానిస్తుంది. కోస్తాలో వానాకాలం దీనికి పూర్తిగా ఎదురు, ఎంతసేపటికీ ఆరదు. అప్పుడు గ్లిజరిన్ జోలికి పోకండి.

ఫొటోగ్రఫీ తక్కువ, పెయింటింగ్ ఎక్కువ అన్న వాదనలో నాకు ఆసక్తి లేదు. ఫొటోగ్రఫీని కనిపెట్టినవాళ్ళలో ఒకడైన టాల్బట్, 1833లో ఇటలీలోని కోమో సరస్సు ఒడ్డున కెమెరా లూసిడా (దృశ్యాన్ని కాగితం మీద కనిపించేలా చేసే గీత సాధనం) పెట్టుకుని కూడా దృశ్యం సరిగ్గా గీయలేక విసుగెత్తి ఆ ఆలోచన చేశాడు. చేప కోసం వలవేసే క్షణం, ఎగిరే కొంగల వరస, పిడుగు, ఇవి కెమెరా సొత్తు. వాటిని బొమ్మగా మార్చాలని తంటాలు పడటం కంటే మంచి ఫొటోగా తీసి ఊరుకోవడం నయం. అయితే వేరొకరు తీసిన ఫొటోను ఇంటర్నెట్‌లోంచి దించి బొమ్మ వేసి అమ్మితే అది కాపీరైట్ సమస్య. అనుమతి తీసుకోండి, లేదా మీరు తీసిందే వాడండి. రాజమండ్రి వెళ్ళినప్పుడు చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) ఆర్ట్ గ్యాలరీలో అసలు చిత్రాల ముందు ఒక గంట నిలబడండి. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఊతంతో బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకు వెళ్ళిన మనిషి ఆయన. అచ్చుపుస్తకాల్లో ఆ రంగులు రావు.

ఇక రెండో ప్రశ్న.

ముందు జనానికి స్పష్టంగా చెప్పాల్సింది: ఓటరు కార్డు ఉన్నంత మాత్రాన ఓటు ఉన్నట్టు కాదు, జాబితాలో పేరుండాలి. కార్డు గుర్తింపు కోసం. కార్డు మీది పది అక్షరాంకెల ఎపిక్ నంబరు (మూడు అక్షరాలు, ఏడు అంకెలు) పెట్టి ఓటర్ల సేవా పోర్టల్‌లో వెతకొచ్చు, 1950కి ఫోన్ చేసి అడగొచ్చు. పద్దెనిమిదేళ్ళు నిండే లెక్కకు ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. పదిహేడు దాటిన పిల్లలు కొత్తగా పేరు చేర్చమనే ఫారం-6 ముందే వేసుకోవచ్చు.

మీ భాగం (మీ పోలింగ్ కేంద్రం) జాబితా పట్టుకుని మొదటి ఇంటి నుంచి వరసగా నడవండి. ఎవరో ఇంటికి పిలిచారని అక్కడినుంచి మొదలుపెడితే మధ్యలో ఇళ్ళు పోతాయి. ప్రతి గడప దగ్గరా మూడు ప్రశ్నలే: ఇక్కడ ఉంటూ పేరు లేనివాళ్ళెవరు, పేరుండి ఇక్కడ లేనివాళ్ళెవరు, ఉన్నవాళ్ళ వివరాల్లో తప్పేమిటి. ఒకే డోర్ నంబరు మీద పదిమందికి మించి ఉన్నా, ఇంటి నంబరు చోట సున్నా ఉన్నా ఆగి చూడండి. తప్పులు ఎక్కువగా గుమిగూడేది అక్కడే.

ఫారాల్లో గందరగోళం ఎక్కువ. పెళ్ళై అత్తారింటికి వెళ్ళిన అమ్మాయికీ, హైదరాబాద్‌లో అద్దె ఇల్లు మారిన కుటుంబానికీ ఫారం-6 ఇవ్వకండి. అది కొత్తవాళ్ళకే. ఫారం-8లో ‘చిరునామా మార్పు’ వేయిస్తే పాతచోట పేరు తొలగి కొత్తచోట చేరుతుంది. ఫారం-6 వేస్తే రెండుచోట్లా ఉంటుంది. ఊళ్ళో ఒకటి, హైదరాబాద్‌లో ఒకటి ఉంచుకోవడం ‘మా ఊరి మీద మమకారం’ అని చాలామంది అనుకుంటారు గానీ 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒకరికి ఒకచోటే ఉండాలి. విదేశాల్లో ఉంటూ భారత పౌరసత్వం వదులుకోనివాళ్ళకు ఫారం-6ఏ వేరే ఉంది.

పేర్ల తప్పుల్లో చాలా వరకు ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారేటప్పుడు పుట్టేవి. ఇంగ్లీషు స్పెల్లింగులో రమకూ రామకూ తేడా లేదు. రమాదేవి కాస్తా రామాదేవి అవుతుంది, ఇంటిపేరు ముందుకో వెనక్కో పోతుంది. తెలుగు గడిని పైకి చదివి వాళ్ళచేత ఔననిపించుకోండి. దీనికీ ఫారం-8 చాలు.

తొలగింపు దగ్గర అతి జాగ్రత్త కావాలి. పోయినవాళ్ళకు మరణ ధ్రువపత్రం, లేదా కుటుంబసభ్యుల చేత ఫారం-7. ‘ఆయన ఇక్కడ ఉండటం లేదండీ’ అని ఎదురింటివాళ్ళు చెప్పింది సమాచారమే, ఆధారం కాదు. అభ్యంతరం పెట్టే మనిషి అదే నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. ఊళ్ళో ఉండటం లేదన్న కారణంతో తీసేముందు ఆ ఓటరుకు తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలని చట్టంలోనే ఉంది. తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో లక్షల సంఖ్యలో ఫారం-7లు గుట్టలుగా వచ్చి పడి కేసుల దాకా వెళ్ళింది. అంతకుముందు 2018లో తెలంగాణలో పోలింగ్ రోజున పేరు లేక వెనుదిరిగినవాళ్ళ ఫిర్యాదులు తక్కువేం కాదు. బిహార్‌లో 2025లో ప్రత్యేక సమగ్ర సవరణ చేసినప్పుడు 7.89 కోట్ల జాబితా ముసాయిదాలో 7.24 కోట్లకు దిగింది. తప్పించిన సుమారు 65 లక్షల పేర్లను కారణాలతో సహా బయటపెట్టమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు చెప్పింది, సెప్టెంబరు 30 నాటి తుది జాబితా 7.42 కోట్ల దగ్గర తేలింది. పేరు పక్కన కారణం రాయడం ఎంత ముఖ్యమో దీన్నిబట్టే తెలుస్తుంది. మీ రిజిస్టరులో కూడా ‘లేరు’ అని ఊరుకోకుండా, ఏ తేదీన వెళ్ళారో, ఎవరు ఏం చెప్పారో ఒక వాక్యం రాయండి. రేపు విచారణలో మిమ్మల్ని కాపాడేది ఆ వాక్యమే.

పేరు పోయిందనేవాళ్ళకు చెప్పాల్సింది గడువుల గురించి. ఈఆర్వో (నియోజకవర్గ ఓటర్ల నమోదు అధికారి) నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లో జిల్లా కలెక్టరుకు, అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు ఉంది. నామినేషన్ల ఆఖరి తేదీ దాటాక ఎన్నిక ముగిసేదాకా జాబితాలో చేర్పులూ తీసివేతలూ ఉండవు. పోలింగ్ రోజున మీ మీద అరిచి లాభం లేదని ఇప్పుడే, నవ్వుతూనే చెప్పేయండి.

మీకు డ్రాయింగ్ వచ్చు గనక ఫొటోల విషయంలో మీరు అందరికంటే బాగా చేయగలరు. ఆన్‌లైన్‌లో దొరికే జాబితాలో ఓటర్ల ఫొటోలు కనపడవు, కాబట్టి ఫొటో తప్పు పడితే ఇంట్లోవాళ్ళకు పోర్టల్ చూసినా తెలియదు. మీ దగ్గరున్న కాపీలో మీరే చూపించాలి. కొత్త ఫొటో తీసేటప్పుడు అరుగు మీద, ముఖం వీధివైపు ఉండేలా కూర్చోబెట్టండి. ఆకాశపు వెలుగు మెత్తగా పడుతుంది, ఫ్లాష్ అక్కర్లేదు. వెనక మూడడుగుల దూరంలో తెల్లదుప్పటి కట్టించండి, గోడకు ఆనించి నిలబెడితే నీడ పడుతుంది. వైడ్ లెన్స్‌తో దగ్గరకెళ్తే ముక్కు లావై చెవులు వెనక్కిపోతాయి, ఐదారడుగులు వెనక్కొచ్చి 2ఎక్స్‌లో తీయండి. ఆ ఫొటోలు మీ సొంత గ్యాలరీలో, చెరువుగట్ల మధ్య ఉండకూడదు. డ్యూటీ యాప్‌లోనే తీసి, అవసరం తీరినవి చెరిపేయండి. దృశ్యాలు తీసేటప్పుడు కూడా ఇంటి ముందున్న మనుషుల్ని అడగకుండా ఫ్రేములోకి తేవద్దు. చేతిలో ఓటర్ల రిజిస్టరు పెట్టుకుని ఇంటిని ఫొటో తీస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.

అన్నింటికన్నా ముఖ్యం, వీధి మొత్తం ఫొటోలు తీసేసుకుని సాయంత్రం ఒకేసారి ఎక్కించే అలవాటు మానుకోండి. ఒకరి ఫారం పూర్తిచేసి, వాళ్ళ ఫొటో తీసి, అక్కడే వాళ్ళ వరస నంబరు పక్కన ఎక్కించి, తెరమీద వాళ్ళకు చూపించాకే రెండో మనిషిని పిలవాలి. అత్తా కోడళ్ళ ఫొటోలు తారుమారయ్యేది ఆ సాయంత్రం పనిలోనే. అయ్యాక ఇద్దరిచేతా విడివిడిగా ఫారం-8 వేయించాల్సి వస్తుంది.